యూకేజీ పాపకు లెక్క, తెలుగు అక్షరాలు ఇంట్లో ఎలా నేర్పాలి?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు):
మా పాప 100 వరకు అంకెలు గడగడా అప్పజెబుతుంది గాని, పళ్లెంలో 7 చింతగింజలు పోసి లెక్కపెట్టమంటే వేలు ఒక గింజ మీద ఉండగానే నోరు రెండు అంకెలు దాటిపోతుంది. బడిలో ఇంగ్లీషు, కన్నడం నేర్పుతున్నారు. ఇంట్లో తెలుగు కూడా మొదలుపెడితే లిపులు కలగలిసిపోతాయేమోనని వెనకాడుతున్నాను.

జవాబు:
అమ్మా, వరుస చెప్పడం పాటలా వచ్చేస్తుంది. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకెను జతచేయడానికి చేతిపని కావాలి. వామనగుంటల పీట ఉంటే తీయండి, కన్నడిగులు అళగుళి మణె అనేది దాన్నే. 14 గుంటల్లో ఒక్కొక్క గింజే వదులుతూ పోతే వేలూ నోరూ కలిసి నడవడం అలవాటవుతుంది. లెక్క పూర్తయ్యాక గింజలను దగ్గరికి జరిపి "ఇప్పుడెన్ని?" అని అడగండి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే, చివరి అంకే మొత్తమని ఆమెకు ఇంకా తెలియలేదని అర్థం. (గింజలు ముక్కులో పెట్టుకోకుండా పక్కనే కూర్చోండి.)

మరో జవాబు:
తెలుగు, కన్నడ లిపులు రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయి. చాలా అక్షరాల్లో కంటికి ముందుగా కనిపించే తేడా తలకట్టే కాబట్టి కన్నడం మీకు సాయమే చేస్తుంది. వర్ణమాల వరుసను పట్టుకోకుండా ప, వ, డ, ల, క నేర్పితే పడవ, పలక, వడ, కల అప్పుడే చదవగలదు.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఇప్పుడే గింజలు జరిపి అడిగాను. మళ్లీ ఒకటి నుంచే మొదలుపెట్టింది.