సిన్స్–ఫర్, లై–లే, అఫెక్ట్–ఎఫెక్ట్: ఏది ఎక్కడ వాడాలి?

ప్రశ్న:

ఉద్యోగరీత్యా ఇంగ్లీషులో ఉత్తరాలు రాయవలసి వచ్చినప్పుడు కొన్ని జంటపదాల దగ్గర ప్రతిసారీ కలం ఆగిపోతున్నది. సిన్స్ రాయాలా ఫర్ రాయాలా, బై అనాలా అంటిల్ అనాలా, లై, లే అనే రెండింటిలో ఏది సరైనది, అఫెక్ట్, ఎఫెక్ట్ అనేవాటికి తేడా ఏమిటి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. వ్యాకరణ పుస్తకాల్లోని నిర్వచనాలు చదివినంతసేపూ అర్థమైనట్టే ఉంటాయి గానీ, వాక్యం రాసే సమయానికి ఒక్కటీ అక్కరకు రాదు. రాస్తున్నప్పుడే సరిచూసుకోవడానికి వీలైన ఉపాయాలు ఉంటే పెద్దలు దయచేసి తెలియజేయగలరు.

సమాధానం:

మీరు అడిగిన జంటలన్నీ ఒకే కారణంగా తికమక పెట్టేవి కావు. కొన్నిచోట్ల తెలుగులో ఒకే మాట ఉండి ఇంగ్లీషులో రెండు మూడు ఉండటం వల్ల తడబడతాం. కొన్నిచోట్ల తెలుగులోనూ రెండు మాటలు స్పష్టంగా ఉన్నా వాటిని తలచుకోకపోవడం వల్ల తడబడతాం. మరికొన్నిచోట్ల కేవలం ఉచ్చారణ దగ్గరగా ఉండటమే చిక్కు. కాబట్టి అన్నింటికీ ఒకే సూత్రం వెతకడం వృథా ప్రయాస అని నా అభిప్రాయం.

ముందుగా సిన్స్, ఫర్ సంగతి చూద్దాం. మనం ‘2019 నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను’ అంటాం, ‘మూడేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను’ అని కూడా అంటాం. రెండింటిలోనూ ఉన్నది ‘నుంచి’ ఒక్కటే. ఇంగ్లీషులో మాత్రం మొదటిది పని మొదలైన కాలబిందువు కనుక సిన్స్, రెండవది గడిచిన కాలపు నిడివి కనుక ఫర్. దీన్ని పసిగట్టడానికి తెలుగులోనే ఒక పరీక్ష ఉంది: ‘నుంచి’ తీసివేసి ఆ స్థానంలో ‘గా’ పెట్టి చూడండి. ‘మూడేళ్లుగా’, ‘చాలా కాలంగా’, ‘రెండు గంటలుగా’ అన్నవి సహజంగా పలుకుతాయి కాబట్టి అక్కడ ఫర్ రావాలి. ‘2019గా’, ‘ఉదయంగా’, ‘చిన్నప్పటిగా’ అని ఎవరూ అనరు కాబట్టి అక్కడ సిన్స్ రావాలి. ‘గత వారం నుంచి’ అంటే ‘సిన్స్ లాస్ట్ వీక్’, ‘గత వారం రోజులుగా’ అంటే ‘ఫర్ ది పాస్ట్ వీక్’.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. తెలుగులో ‘పనిచేస్తున్నాను’ అని వర్తమానంలోనే చెబుతాం కనుక చాలామంది ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019’ అని రాస్తారు; పూర్వం మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ‘ఐ హావ్ బీన్ వర్కింగ్’ అనే రూపమే సరైనది. రెండవది, ‘సోమవారం నుంచి సెలవులు’ అన్నప్పుడు ఆ సోమవారం ఇంకా రాబోయేదైతే సిన్స్ పనికిరాదు, ఫ్రమ్ రాయాలి.

బై, అంటిల్ విషయంలో తెలుగు మనకు పూర్తిగా సహకరిస్తుంది. ‘సోమవారంకల్లా పంపండి’ అన్నచోట బై, ‘సోమవారం వరకు ఆగండి’ అన్నచోట అంటిల్. అయితే ‘లోగా’ అన్న మాటతో కొంచెం ఏమరుపాటు జరుగుతుంది. ‘సోమవారంలోగా’, ‘మూడు రోజుల్లోగా’ అని రెండు విధాలా అంటాం కనుక ‘వితిన్ మండే’ అని రాసేవారు కనబడుతుంటారు. వితిన్ తరువాత కాలపు నిడివి రావాలి గాని గడువు రోజు రాకూడదు. ‘వితిన్ త్రీ డేస్’ సరైనది, సోమవారానికి ‘బై మండే’ అనే రాయాలి.

లై, లే జంటకు ‘దేన్ని?’ అని ప్రశ్నించుకోవడం చాలు. కోడి గుడ్లు పెడుతుంది. దేన్ని పెడుతుంది అంటే గుడ్లను అని జవాబు వస్తుంది కనుక ‘ది హెన్ లేస్ ఎగ్స్’. కుక్క నేలమీద పడుకుంటుంది అన్నప్పుడు ‘దేన్ని’ అన్న ప్రశ్నకు తావే లేదు కనుక ‘ది డాగ్ లైస్ ఆన్ ది ఫ్లోర్’. మనకు లేచు, లేపు ఉన్నట్టే వారికి రైజ్, రెయిజ్ ఉన్నాయి. అక్కడా ఇదే పరీక్ష. అసలు ఇబ్బంది భూతకాలంలో ఉంది: పడుకొను అనే అర్థంలోని లై భూతకాలంలో లే అవుతుంది, ‘హావ్’ తరువాత లేన్ అవుతుంది, పెట్టు అనే అర్థంలోని లే రెండుచోట్లా లెయిడ్ అవుతుంది. అందువల్ల ‘నిన్న మధ్యాహ్నం పడుకున్నాను’ అనడానికి ‘ఐ లే డౌన్’ అన్నదే సరైనది. ‘ఐ లెయిడ్ డౌన్’ అన్నది మాట్లాడేటప్పుడు తరచుగా వినిపించినా, జాగ్రత్తగా రాసే రచనలో దోషంగానే పరిగణిస్తారు. అబద్ధమాడు అనే అర్థంలోని లై వేరే క్రియ, దాని భూతకాలం లైడ్. ఈ రూపాలను మాత్రం వల్లెవేయక తప్పదు.

అఫెక్ట్ సాధారణంగా క్రియ, ఎఫెక్ట్ సాధారణంగా నామవాచకం. ముందు ‘ది’ అనే ఉపపదం గాని ‘యాన్’ (an) అనే ఉపపదం గాని పెట్టగలిగితే ఎఫెక్ట్ రాయండి. ‘ఎఫెక్ట్ ఎ చేంజ్’ అన్నప్పుడు మాత్రం ఎఫెక్ట్ క్రియగా వచ్చి, మార్పును తీసుకురావడం అనే అర్థాన్ని ఇస్తుంది.

మరొక సభ్యుని ప్రశ్న:

చాలా ఉపయోగపడిందండీ. ఇదే సందర్భంలో, ఇట్స్ అనే మాటకు అపాస్ట్రఫీ ఎప్పుడు పెట్టాలో, లెస్, ఫ్యూయర్ అనేవాటిలో ఏది ఎంచుకోవాలో కూడా చెప్పగలరా? రెండవదానిపై ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతున్నారు.

సమాధానం:

మొదటిదానికి ‘ఇట్ ఈజ్’ అని గాని ‘ఇట్ హాజ్’ అని గాని విడదీసి చదవండి. వాక్యం నిలబడితే అపాస్ట్రఫీ ఉండాలి, లేకపోతే ఉండకూడదు. షష్ఠీ విభక్తికి అపాస్ట్రఫీ పెట్టడం నామవాచకాలకు అలవాటు కనుక చేయి అటు పోతుంది గాని, హిజ్, హర్స్, యువర్స్, థెయిర్స్ అనే సర్వనామాలలో దేనికీ అది లేదని గుర్తుంచుకుంటే సరిపోతుంది.

ఫ్యూయర్, లెస్ విషయంలో అభిప్రాయభేదాలకు కారణం ఉంది. లెక్కపెట్టగలిగేవాటికి ఫ్యూయర్, లెక్కపెట్టలేనివాటికి లెస్ అన్నది నేడు నియమంగా చెలామణి అవుతున్నా, 1770లో రాబర్ట్ బేకర్ అనే రచయిత దీన్ని ప్రస్తావించినప్పుడు, సంఖ్యను చెప్పేచోట ఫ్యూయర్ మేలని తన అభిరుచిగా మాత్రమే చెప్పాడు. అంతకు కొన్ని శతాబ్దాల ముందునుంచీ లెస్ రెండు విధాలా వాడుకలో ఉంది. ఉత్తరాల్లో నియమాన్ని పాటించండి: ‘ఫ్యూయర్ మిస్టేక్స్’, ‘లెస్ వాటర్’. కాని దూరం, కాలం, డబ్బు వంటి వాటిని ఒక మొత్తంగా కొలిచేటప్పుడు అంకె ఉన్నప్పటికీ లెస్ రావాలి. ‘లెస్ దాన్ త్రీ కిలోమీటర్స్’ అన్నదాన్ని ఫ్యూయర్‌గా దిద్దేవారు నియమాన్ని అవసరానికి మించి పట్టుకున్నవారే.

మొదట ప్రశ్న అడిగినవారు:

వివరంగా తెలియజేసినందుకు ధన్యవాదాలు. ‘గా’ పరీక్షను నా పాత ఉత్తరాలపై ప్రయోగించి చూస్తున్నాను. అయితే ‘మూడు రోజులు అక్కడ ఉంటాను’ అన్న వాక్యంలో ‘నుంచి’ అన్న మాటే లేదు కదా, అక్కడ ఏమి చేయాలి?

సమాధానం:

అక్కడ ‘మూడు రోజులపాటు’ అని మార్చి చూడండి. ‘పాటు’ అతుకుతుంది కనుక ‘ఫర్ త్రీ డేస్’ రాయాలి. సిన్స్‌కు గతంలో మొదలైన బిందువు కావాలి కనుక, ఇటువంటి భవిష్యత్ వాక్యంలో దానికి అవకాశమే ఉండదు.