పీజీలకు ఫాస్ట్ స్కాన్: 25 సరిపోతాయా?

క్యాజువాలిటీ_మేడమ్: యాక్సిడెంట్ రోగి పొట్టలో, గుండె చుట్టూ రక్తం ఉందేమో మంచం దగ్గరే అల్ట్రాసౌండ్‌తో చూసే ఫాస్ట్‌కి, లాగ్‌బుక్‌లో 25 స్కాన్లు ఉంటే పీజీ డాక్టర్‌కి స్కాన్ వచ్చేసిందని సంతకం పెట్టేయొచ్చని నా వాదన. అమెరికన్ ఎమర్జెన్సీ ఫిజీషియన్ల కాలేజీ చెప్పేదీ 25 నుంచి 50.

రేడియో_సీనియర్: ఏ 25 మేడమ్? అన్నీ నార్మల్ పొట్టలైతే నీరెలా ఉంటుందో పీజీ ఎప్పుడు చూస్తాడు? కుడివైపు లివర్‌కీ కిడ్నీకీ మధ్య ఒక్క ఫ్రేమ్ తీసి నెగిటివ్ రాసేస్తున్నారు. నీరు సన్నటి నల్లచారలా ముందు కనిపించేది లివర్ కింది కొస దగ్గర, అక్కడిదాకా ప్రోబ్ జరపరు. ఎడమవైపు నీరు ముందు చేరేది స్ప్లీన్ పైన, డయాఫ్రమ్ కింద. పిడికిలి పరుపుకి ఆనేంత వెనక్కి పెడితే గానీ అది దొరకదు.

క్యాజువాలిటీ_మేడమ్: 25 కాదంటే ఎన్నో చెప్పండి సార్.

గచ్చిబౌలి_డాక్: 50.

మెడిసిన్_పీజీ: పాజిటివ్‌ల కోసం ట్రామా వచ్చేదాకా ఆగక్కర్లేదు మేడమ్. సీఏపీడీ (పొట్టలో ద్రవం నింపి చేసే డయాలిసిస్) రోగి ఒప్పుకుంటే, పొట్టలో 2 లీటర్ల ద్రవం ఉన్నప్పుడోసారి, తీసేశాక ఇంకోసారి చూడొచ్చు. వానాకాలం డెంగ్యూ వార్డులో కుడి ప్లూరాలో (ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరల మధ్య) నీరు, 3 మి.మీ. దాటిన గాల్‌బ్లాడర్ గోడ రోజూ దొరుకుతాయి.

రేడియో_సీనియర్: మంచి మాట. పెల్విస్ సంగతి కూడా రాయండి. స్కాన్‌కి ముందే ఫోలీ (మూత్రం గొట్టం) వేసి బ్లాడర్ ఖాళీ చేస్తే ఇక కనిపించేదేమీ ఉండదు. నిండుగా ఉంటే దాని వెనక తెల్లగా వెలిగి సన్నటి నీరు మాసిపోతుంది, టీజీసీలో (లోతును బట్టి బొమ్మ వెలుగు సర్దే చోట) కింది మీటలు తగ్గించాలి. ఇవన్నీ ఏ లాగ్‌బుక్‌లో ఉన్నాయి?

క్యాజువాలిటీ_మేడమ్: రాత్రి 2 గంటలకి ఓఆర్ఆర్ మీంచి బీపీ 70తో కేసొస్తే ప్రోబ్ పట్టేది పీజీయే సార్, మీరు కాదు. అప్పుడు మిషన్ తాళం రేడియాలజీలో ఉంటుంది. మగ రోగికి కూడా పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ చట్టం) అంటారు! దాని కింద నింపే ఫారం ఎఫ్ గర్భిణులకి కదా?

రేడియో_సీనియర్: ఫారం గర్భిణులకే, రిజిస్ట్రేషన్ మాత్రం మిషన్‌కి. రికార్డుల్లో తేడా వస్తే సీలయ్యేది అదే, జవాబు చెప్పేది మేమే. పీజీల్ని వద్దనడం లేదు. ప్రతి కిటికీకీ (ప్రోబ్ పెట్టి చూసే చోటుకి) 6 సెకన్ల క్లిప్ సేవ్ చేయమంటున్నాను. క్లిప్ లేని స్కాన్‌ని నేను లెక్కపెట్టను.

క్యాజువాలిటీ_మేడమ్: సేవ్ చేస్తే చూసేదెవరు? వారానికి ఒక గంట ఇస్తారా?

రేడియో_సీనియర్: ఇస్తే, రేపు తప్పిపోయిన రక్తానికి నా పేరు వేయరని ఎవరు రాసిస్తారు? నా భయమంతా అదే.

క్యాజువాలిటీ_మేడమ్: ఈ మాట ముందే అనాల్సింది సార్. మంచం దగ్గర నిర్ణయం మాది, సంతకం మాది. 200 మి.లీ. లోపు నీరు ఫాస్ట్‌లో తరచూ అందదని మాకూ తెలుసు. బీపీ పడుతుంటే మళ్లీ స్కాన్ చేస్తాం. మీరు చూడాల్సింది బొమ్మ సరిగ్గా వచ్చిందా అని మాత్రమే.

రేడియో_సీనియర్: అది కాగితం మీద రాసివ్వండి. రాసిస్తే బుధవారం మధ్యాహ్నం కూర్చుంటాను. రోగుల పేర్లు తీసేసిన క్లిప్‌లు, నాలుగు కిటికీలూ ఉండాలి. గుండెది లేకపోతే తిప్పి పంపిస్తాను.

గచ్చిబౌలి_డాక్: నేనింకా 50 అనే అంటాను.