1941లో గోటెబోర్గ్ డిస్ట్రాయర్‌కి తెల్ల పట్టీ ఎక్కడ ఉండేది?

స్వీడన్ నౌకాదళపు గోటెబోర్గ్ తరగతి తొలి నౌక మోడల్ 1:350 స్కేలులో చేస్తున్నాను, పొడవు సుమారు 27 సెం.మీ. 1941 సెప్టెంబరు 17న స్టాక్‌హోమ్ దగ్గరి హోర్స్‌ఫియార్డెన్ నౌకా స్థావరంలో పేలుడు జరగడానికి ముందు ఎలా ఉందో అలాగే రావాలి. (ఆ రోజు పక్కనే ఉన్న డిస్ట్రాయర్లు క్లాస్ హోర్న్, క్లాస్ ఉగ్లా కూడా మునిగాయి, 33 మంది పోయారు.)

మూడు 120 మి.మీ. ఫిరంగుల్లో మధ్యది రెండు చిమ్నీల నడుమ పెట్టేశాను, దానిమీద అనుమానం లేదు. చిక్కంతా స్వీడన్ యుద్ధంలో తటస్థ దేశమని తెలిపేందుకు నౌక పక్కలకు వేసే తెల్లటి పట్టీతోనే. దొరికిన ఫొటోలు చాలావరకు మధ్య ఫిరంగిని వెనక్కి మార్చిన తర్వాతివి, అవి పనికిరావు. నీళ్లలోంచి పైకి తీసినప్పటి ఫొటోల్లో రంగే తెలియడం లేదు. మాస్కింగ్ టేపుతో చూశాను: 6 మి.మీ. వేస్తే మరీ సన్నగా ఉంది, 10 మి.మీ. వేస్తే ముందు చిమ్నీ కిందికి పాకుతోంది. బూడిద రంగు ఆరిపోయింది, పని ఇక్కడే ఆగింది.

1941 వేసవి నాటికి గోటెబోర్గ్ పక్కల మీద ఒకే పట్టీ ఉండేదా, రెండా? చిమ్నీలను బట్టి చూస్తే సరిగ్గా ఎక్కడ?