వినపడని కుర్రాళ్ల కోసం స్క్రాప్ యార్డులో ఏం మార్పులు చేయాలి?

అందరికీ నమస్కారం. మాది హిందూపురం. బెంగళూరు పీణ్యాలో ఒక మెటల్ రీసైక్లింగ్ యూనిట్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. దాదాపు 60 మందిమి ఉంటాం. తెలుగు, కన్నడ, హిందీ, ఒడియా అన్నీ వినిపిస్తాయి.

ఈమధ్య సార్టింగ్‌లోకి మా వైపు కుర్రాళ్లు ఇద్దరు వచ్చారు. ఇద్దరికీ వినపడదు. పనిలో మాత్రం వాళ్లకు సాటి లేరు. వైరు ముక్కను బ్లేడుతో గీకి చూసి అసలు రాగా, రాగి పూత వేసిన అల్యూమినియమా ఇట్టే తేల్చేస్తారు.

పోయిన వారం క్రేన్ సైరన్ మోగితే అందరూ పక్కకు జరిగారు. ఒకడు మాత్రం వంగి వైర్లు ఏరుతూనే ఉన్నాడు. పరుగెత్తి చొక్కా పట్టుకుని లాగాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు మేనేజ్‌మెంట్ వాళ్లిద్దరినీ ప్యాకింగ్‌కి మార్చేద్దామంటోంది. అక్కడ జీతం తక్కువ. నాకది న్యాయంగా అనిపించడం లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద, 20 మందికి తగ్గకుండా ఉన్న ప్రైవేటు సంస్థ సమాన అవకాశాల విధానం రాసి పెట్టుకోవాలి, ఆ పని చూసే అధికారినీ నియమించాలి. మా దగ్గర రెండూ లేవు.

క్రేన్‌కు తిరిగే లైటు, ఫోర్క్‌లిఫ్ట్‌కు నేల మీద పడే నీలి లైటు పెట్టించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? దుమ్ములో, పట్టపగలు కనిపిస్తాయా? చేతికి కట్టుకునే వైబ్రేషన్ బ్యాండ్‌ను నమ్మొచ్చా? షిఫ్ట్ అయ్యాక వచ్చి మాకు సైగల భాష నేర్పేవాళ్లు తెలిస్తే చెప్పండి. నెలాఖరులోపు మేనేజ్‌మెంట్‌కు నేను ఏదో ఒకటి చూపించాలి.