ఫీజులు మోయలేని డిగ్రీ చదువులో సాహిత్య పాఠాలకు చోటుండాలా?

చర్చ ప్రారంభం: కర్నూలు, వాణిజ్యశాస్త్ర పట్టభద్రుడు

నేను కర్నూలులో బీకాం పూర్తి చేసి ఒక ఆడిటరు కార్యాలయంలో పనిచేస్తున్నాను. మా తమ్ముడు ఇప్పుడు అదే కోర్సులో చేరాడు. వాడి ఫీజు, హాస్టలు ఖర్చు, పరీక్ష ఫీజు, పుస్తకాలు అన్నీ ఒకచోట రాసి చూసినప్పుడు నాకు ఈ ప్రశ్న తలెత్తింది. బీకాం, బీఎస్సీ విద్యార్థులు కూడా మొదటి సెమిస్టర్లలో తెలుగు, ఇంగ్లీషు పాఠ్యభాగాలు చదవవలసి వస్తోంది. పద్యాలు, కథలు, నాటక భాగాలు ఇంటర్మీడియట్ వరకు చదివి వచ్చినవారే కదా వీళ్ళందరూ. ఆ గంటలను జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయడం నేర్పడానికో, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరుకో కేటాయిస్తే, బయట ఇన్‌స్టిట్యూట్‌లో మళ్ళీ డబ్బు కట్టే అవసరం తప్పుతుంది. సాహిత్యం మీద నాకు ద్వేషం లేదు. అప్పు చేసి చదివించే కుటుంబం ప్రతి గంటకూ లెక్క చూసుకోక తప్పదని మాత్రమే అంటున్నాను. తెలుగు ప్రధాన విషయంగా తీసుకున్నవారు చదువుకోవచ్చు, మిగతావారికి దానిని ఐచ్ఛికం చేయాలి. మీ అభిప్రాయాలు కారణాలతో రాయగలరు.

కడప జిల్లా, రైతు, ఒక విద్యార్థిని తండ్రి

మీరు చెప్పినదానితో నేను ఏకీభవిస్తున్నాను. మాది పులివెందుల వైపు ఊరు. బోర్లు ఎండిపోయి చీనీ (బత్తాయి) చెట్లు కొట్టేసిన తర్వాత మా ఇంట్లో మిగిలిన ఆశ పిల్లల చదువొక్కటే. ప్రభుత్వం ఫీజు ఇస్తుంది కదా అని అందరూ అంటారు. అది వచ్చేది ట్యూషన్ ఫీజు వరకే. అదీ సమయానికి రాకపోతే, పరీక్షల ముందు కళాశాలవారు తల్లిదండ్రులనే కట్టమంటారు, డబ్బు జమ అయిన తర్వాత తిరిగి ఇస్తామంటారు. అలా కట్టడానికి నా భార్య గాజులు బ్యాంకులో పెట్టినాము. మా అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు తరగతిలో చదివిన నాటకం గురించి ఎంతో సంతోషంగా చెబుతుంది. వింటే నాకూ సంతోషమే. కానీ గాజులు విడిపించే దారి ఆ నాటకంలో ఉందా అని అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. కవిత్వం గొప్పదే, కాదనను. కడుపు నిండినవారు ఎప్పుడైనా చదువుకోవచ్చు.

అనంతపురం, బీఎస్సీ కంప్యూటర్స్ మూడవ సంవత్సరం విద్యార్థిని

పై ఇద్దరికీ నమస్కారం. మాది కళ్యాణదుర్గం వైపు గ్రామం. మా ఇంట్లో వేరుశనగే పంట, కాబట్టి వాన లేని ఏడు మా ఇంట్లో అప్పు లేని ఏడు కాదు. ఈ ప్రశ్న నాకు పుస్తకాల నుంచి వచ్చింది కాదు, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా డబ్బు ఎక్కడికి పోతున్నదో చూద్దాం. హాస్టలు, భోజన ఖర్చుల కోసం 2020లో మొదలైన వసతి దీవెన పథకంలో డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20,000 రూపాయలు రెండు విడతలుగా ఇస్తామని ప్రకటించారు. ప్రైవేటు హాస్టలులో ఉండే అమ్మాయికి ఆ మొత్తం విద్యాసంవత్సరం సగం కూడా దాటదు. ఆ పైన మెస్ బిల్లు, పండుగలకు ఊరికి వెళ్ళి రావడానికి బస్సు ఛార్జీలు, కళాశాల కౌంటరులోనే కొనాలనే రికార్డు పుస్తకాలు, పరీక్ష ఫీజు, ఒక సబ్జెక్టు పోతే సప్లిమెంటరీ ఫీజు, చివరికి టీసీ తీసుకునే రోజున ఏవో బకాయిలు. వీటిలో ఏ ఒక్కటీ తెలుగు పాఠం వల్ల వచ్చిన ఖర్చు కాదు. తెలుగు తరగతికి కావలసినవి ఒక అధ్యాపకురాలు, ఒక పాఠ్యపుస్తకం, ఒక గది. మా కోర్సులో ప్రయోగశాల, సాఫ్ట్‌వేరు, ఇంటర్నెట్టు, విద్యుత్తు లేకుండా సాగని గంటలు ఎన్నో ఉన్నాయి. వాటిని నేను తప్పుపట్టడం లేదు. కళాశాల మొత్తంలో అతి చౌకగా నడిచే గంటను చూపించి, చదువు ఖరీదైపోయింది కాబట్టి దీనిని తీసేద్దాం అనడమే నాకు అర్థం కావడం లేదు. రేపు తెలుగు పీరియడ్లు తీసేస్తే మా నాన్న కట్టే మొత్తంలో ఒక్క రూపాయి తగ్గుతుందని ఎవరైనా హామీ ఇవ్వగలరా?

ఇక రెండవ మాట. కడప అన్నగారు ప్రస్తావించిన నాటకం ఏదో నాకు తెలియదు కానీ, మేము చదివినది గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం. 1897లో మొదటిసారి అచ్చయింది, 1909లో పెంచి మళ్ళీ అచ్చువేశారు. మేము ఈనాడు చదివేది ఆ రెండవ కూర్పే. విజయనగరం వైపు యాస మాకు మొదట్లో కొరుకుడు పడలేదు. ద్వితీయాంకంలో అగ్నిహోత్రావధానులు కొడుకు వెంకటేశం ఇంగ్లీషు చదువుకు అవుతున్న ఖర్చు గురించి విసుక్కుంటాడు. దానికి తల్లి వెంకమ్మ, మీకంత భారమైతే పుట్టింటివారు నాకు పసుపుకుంకాల కింద ఇచ్చిన భూమి అమ్మి వాడికి చదువు చెప్పిస్తానంటుంది. అదే ఇంట్లో చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు డబ్బు తీసుకుని ఇచ్చే బేరం నడుస్తూ ఉంటుంది. వెంకమ్మ ఆ పెళ్ళికి ఎదురు తిరుగుతుంది, నూతిలో పడుతుంది కూడా. పెద్ద కూతురు బుచ్చమ్మ అప్పటికే వితంతువై ఆ ఇంట్లోనే ఉంటుంది.

మా అధ్యాపకురాలు ఆ రంగం చదివి, ఈ ఇంట్లో ఎవరి చదువుకు ఎవరు ఖర్చవుతున్నారో రాసి తీసుకురమ్మన్నారు. గైడులో లేని ప్రశ్న అది. నేను ఆ రాత్రి మా ఇంటి లెక్క రాశాను. నాకు ఇంటర్మీడియట్‌లో మా తమ్ముడికంటే మంచి మార్కులు వచ్చాయి. అయినా నన్ను డిగ్రీలో చేర్చి, వాడిని మేనేజ్‌మెంట్ కోటాలో ఇంజనీరింగుకు పంపారు. ఇది అన్యాయమని అప్పటివరకు నాకు అనిపించలేదు, మా ఊరిలో అందరి ఇళ్ళలోనూ ఇదే పద్ధతి. వాడి రెండవ సంవత్సరం ఫీజు కోసం మా అమ్మకు అమ్మమ్మగారింటి నుంచి పసుపుకుంకుమ కింద వచ్చిన చేను అమ్మాలని అప్పటికే మాట నడుస్తున్నది. నేను ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నను, ఆ చేను అమ్మితే అమ్మ పేరు మీద ఇంకేం మిగులుతుందని అడిగాను. ఎవరూ జవాబు చెప్పలేదు, ఎవరూ కోప్పడలేదు కూడా. తర్వాత బ్యాంకులో విద్యారుణం దొరకడం వల్ల చేను అమ్మకం ఆగింది. అది నా మాట వల్ల జరిగిందని నేను చెప్పను. మా ఇంట్లో ఆ ప్రశ్న ఒకరి నోటి నుంచి రావడం మాత్రం అదే మొదటిసారి.

కంప్యూటర్ సైన్సు నాకు జీతం తెచ్చిపెడుతుందని నమ్ముతున్నాను, దానికోసమే కష్టపడుతున్నాను. ఆ జీతం మీద హక్కు ఎవరిది, ఏ ఖర్చు ఎవరి పేరున రాస్తున్నారు అని అడగడం నాకు ఏ ప్రోగ్రామింగ్ భాషా నేర్పలేదు. కడప అన్నగారూ, గాజులు విడిపించే దారి నాటకంలో లేదు, మీరన్నది నిజం. కానీ గాజులు ఎవరివి, ఎందుకు ముందుగా అవే తాకట్టుకు వెళ్ళాయి అని మీ అమ్మాయి ఆలోచిస్తూ ఉంటే అది వ్యర్థమైన చదువని మీరు కూడా అనరని నా నమ్మకం.

మరో పుస్తకం గురించి క్లుప్తంగా చెబుతాను. మా జిల్లాలోని తరిమెలకు చెందిన విద్వాన్ విశ్వం గారి పెన్నేటి పాట 1956లో వచ్చింది. నీళ్ళు లేని పెన్న ఒడ్డున చితికిపోయిన రైతు కుటుంబపు రంగన్న, అతని భార్య గంగమ్మ కథ అందులో ఉంది. అది మా పాఠ్యాంశం కాదు, అధ్యాపకురాలు అదనంగా చదివి వినిపించారు. మా తరగతిలో చాలామంది తాతలు అలాంటి బతుకే బతికారు. అయినా కరువు గురించి మేము అచ్చులో చదివినవి అంతవరకు పంటనష్టం జాబితాలు, బీమా వార్తలు మాత్రమే.

కర్నూలు అన్నగారు చెప్పినదానిలో ఒప్పుకోవలసినది ఒకటుంది. చాలా కళాశాలల్లో సాహిత్యం బోధించే తీరు ఘోరంగా ఉంది. పాఠ్యపుస్తకం తెరవకుండా, పరీక్షకు ముందు ముఖ్యమైన ప్రశ్నల జిరాక్సు కాగితాలు కొని, సందర్భసహిత వ్యాఖ్యలు బట్టీపట్టి ఉత్తీర్ణులవుతారు. 75 శాతం హాజరు లేకపోతే ఫీజు రాదు కాబట్టి తరగతిలో కూర్చుంటారు, అంతే. ఇలాంటి గంట నిజంగా వృథాయే. అయితే అకౌంట్స్ కూడా ఇలాగే చెబుతున్న కళాశాలలు లేవా? అక్కడ అకౌంట్స్ తీసేయమని ఎవరూ అనరు, సరిగా చెప్పమంటారు.

ఐచ్ఛికం చేద్దామన్న సూచననే నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. డబ్బు కొరత ఉన్నవాడికి ఐచ్ఛికమైనది మొట్టమొదట వదులుకోవలసినదే అవుతుంది. విద్యార్థులు తగ్గితే సెక్షను మూస్తారు, సెక్షను మూస్తే అధ్యాపక పోస్టు పోతుంది. పీజీ విషయంలో ఇలాంటి ఎంపికే మనవారి మీద పడింది. ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదని 2020 డిసెంబరులో 77వ జీవో వచ్చినప్పుడు, ఇష్టమైన విషయం చదవడం స్థోమత ఉన్నవారి సంగతిగా మారింది. డిగ్రీలో కూడా సాహిత్యాన్ని అలా చేస్తే, పెద్ద నగరాల ఖరీదైన విద్యాసంస్థల పిల్లలు నాటకాలూ నవలలూ చదువుతూనే ఉంటారు. మన పిల్లలకు ట్యాలీ మిగులుతుంది. కడుపు నిండినవారు ఎప్పుడైనా చదువుకోవచ్చన్నారు అన్నగారు. వారు చదువుకుంటారు, నిజమే. మా అమ్మలాంటివారి గురించి రాసిన పుస్తకాన్ని వారు మాత్రమే చదవడం నాకు సమ్మతం కాదు.

కర్నూలు, విశ్రాంత తెలుగు అధ్యాపకుడు

అమ్మా, నీవు రాసినది చదివి చాలా సంతోషించాను. ఒక విషయం చేర్చదలిచాను. సాహిత్యం ఉద్యోగానికి పనికిరాదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. సివిల్స్ మెయిన్స్‌లో తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛిక విషయంగా తీసుకోవచ్చు. గ్రూప్-1 మెయిన్స్‌లో తెలుగు పేపరులో అర్హత సాధించకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా ప్రయోజనం ఉండదు. డీఎస్సీలో తెలుగు ఉపాధ్యాయ పోస్టులున్నాయి. తల్లిదండ్రులకు ఈ సంగతులు చెబితే వారి భయం కొంత తగ్గుతుంది. కడపలో సి.పి. బ్రౌన్ నివసించిన చోట, జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో వెలసిన గ్రంథాలయం ఉంది. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నడుస్తున్నది. పుస్తకాలు కొనలేని విద్యార్థులు అక్కడికి వెళ్ళి చదువుకోవచ్చు. బోధన గురించి నీవు చేసిన విమర్శను ఒప్పుకుంటున్నాను. ప్రశ్నపత్రం మారనిదే బోధన మారదు. మూలగ్రంథం చేతిలో పెట్టుకుని జవాబు రాయనిచ్చే పరీక్ష పెట్టాలని పాఠ్యప్రణాళిక సమావేశాలలో చాలామందిమి అడిగాము. మూల్యాంకనం కష్టమని పక్కన పెట్టారు.

కడప జిల్లా, రైతు

అమ్మా, గాజుల గురించి నీవు అడిగిన మాట నా భార్యకు చదివి వినిపించాను. ఆమె ఏమీ అనలేదు, మళ్ళీ ఒకసారి చదవమన్నది. నీవు చెప్పినదానిలో న్యాయం ఉంది. అయినా నా ఇబ్బంది అలాగే ఉంది. మా అమ్మాయి డిగ్రీ ముగిసిన వెంటనే కోచింగుకు వెళ్ళాలంటున్నది. కళాశాలలో నేర్పవలసినది నేర్పకపోవడం వల్లే కదా ఆ రెండవ ఖర్చు వస్తున్నది. ఆ గంటలు ఎక్కడి నుంచి తేవాలో చెప్పు.

కర్నూలు, వాణిజ్యశాస్త్ర పట్టభద్రుడు

నేను లెక్కల మనిషిని కాబట్టి ఒక విషయం స్పష్టం చేయాలి. ప్రైవేటు కళాశాలల ఫీజును రాష్ట్ర ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ నిర్ణయిస్తుంది. కళాశాలలు సమర్పించిన ఆదాయవ్యయాలే అందుకు ఆధారం. అందులో అధ్యాపకుల జీతాలు కూడా ఉంటాయి. కాబట్టి తెలుగు తరగతికి ఖర్చే లేదనడం సరికాదు. అయితే ఆ ఖర్చు మొత్తంలో చాలా చిన్నదన్న మాట ఒప్పుకుంటాను. తీసేసినంత మాత్రాన ఫీజు తగ్గదన్నదీ నిజమే. ఐచ్ఛికం చేస్తే సెక్షన్లు మూతపడతాయన్న కోణం నేను ఆలోచించలేదు. దాని మీద ఇంకా ఒక నిర్ణయానికి రాలేదు.

అనంతపురం, బీఎస్సీ కంప్యూటర్స్ విద్యార్థిని

గురువుగారికి కృతజ్ఞతలు. కానీ సివిల్స్, గ్రూప్-1 కారణంగా సాహిత్యం ఉండాలన్న వాదనను నేను వాడుకోదలచుకోలేదు. ఆ పరీక్షలకు వెళ్ళేది కొద్దిమంది. పైగా ఆ కారణం మీద నిలబెడితే, రేపు పరీక్ష నియమాలు మారిన రోజున సాహిత్యం కూడా పోతుంది. పుస్తకం చేతిలో పెట్టి పరీక్ష పెట్టాలన్న మీ ప్రతిపాదన మాత్రం ఎక్కడ అడగాలో చెప్పండి, మా తరగతి అంతా సంతకాలు చేసి పంపుతాము.

అన్నగారూ, గంటలు ఎక్కడివని అడిగారు. మా కళాశాలలో మధ్యాహ్నం తర్వాత కంప్యూటరు ప్రయోగశాల చాలా రోజులు తాళం వేసే ఉంటుంది. దానికి మేము ఏడాది పొడవునా ఫీజు కడుతున్నాము. ట్యాలీ గానీ, కోడింగ్ అభ్యాసం గానీ అక్కడే పెట్టవచ్చు. సీనియర్లే నేర్పుతామన్నారు, గది తెరవడానికి అనుమతి రాలేదు. వ్యక్తిత్వ వికాసం పేరిట బయటివారిని పిలిచి జరిపే కార్యక్రమాలకు మా దగ్గర వేరుగా వసూలు చేస్తారు. ఆ గంటలు కూడా ఉన్నాయి. ముందు వీటిని వాడుకున్న తర్వాత కూడా సమయం చాలకపోతే అప్పుడు తెలుగు పీరియడ్ గురించి మాట్లాడుదాం.

కర్నూలు అన్నగారు లెక్క సరిచేసినందుకు సంతోషం. ఆ లెక్కే విద్యార్థులకు కనబడాలి. కమిషన్‌కు ఇచ్చిన ఆదాయవ్యయ పట్టికను కళాశాల నోటీసు బోర్డులో పెట్టమని, రసీదులో ప్రతి అంశమూ వేరుగా రాయమని మేము వచ్చే వారం ప్రిన్సిపాల్ గారికి వినతిపత్రం ఇవ్వబోతున్నాము. ఆడిటరు కార్యాలయంలో పనిచేస్తున్నారు కాబట్టి, అందులో ఏయే పద్దులు అడగాలో మీరు రాసి పంపగలిగితే మాకు ఎంతో సహాయంగా ఉంటుంది.