పక్కింటి కట్టెల హీటర్ పొగ: సర్దుకోవాల్సింది ఎవరు?

ఉత్తరగాలి:

పక్కింటి కట్టెల హీటర్ పొగ మన పడకగదిలోకి వస్తుంటే సర్దుకోవాల్సింది ఎవరు, పొగ వదిలేవాళ్ళా, పీల్చేవాళ్ళా? ఎవరిని అడిగినా "ముందు మంచిగా మాట్లాడి చూడండి" అంటారు, అక్కడితో ఆపేస్తారు. మాట్లాడాను. ఆయన మంచివారే, ఓపిగ్గానే విన్నారు. "మా హీటర్‌కి సర్టిఫికెట్ ఉందండీ, ఎండు కట్టెలే వేస్తున్నాం" అన్నారు. పొగ మాత్రం తగ్గలేదు. అందరూ పడుకునే వేళకి మొదలై తెల్లారేదాకా మా గోడ వెంట నేలబారుగా పారుతూనే ఉంటుంది. మా అమ్మాయికి ఉబ్బసం. తలుపులూ కిటికీలూ బిగించుకున్నా పొద్దున్నే పిల్లికూతలతో లేస్తుంది.

నా మాట ముందే చెప్తాను. వాళ్ళు చలికి వణకాలని నేను కోరుకోవడం లేదు. కానీ వాళ్ళ గొట్టంలోంచి బయల్దేరి నా బిడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరేదానికి జవాబుదారీ వాళ్ళదే. కాదనేవాళ్ళు ఎందుకు కాదో చెప్పండి.

నిప్పుకణిక:

నేనూ కట్టెలతోనే ఇల్లు వెచ్చబెట్టుకుంటాను కాబట్టి అటువైపు నుంచి మాట్లాడతాను. మీ అమ్మాయి సంగతి తేలిగ్గా తీసుకోవడం లేదండీ. కానీ కట్టెలు కాల్చేవాడంటే పక్కవాడి గోడు పట్టని మనిషి అన్నట్టు రాస్తుంటారు, అది అన్యాయం. చాలా ఇళ్ళల్లో సరదాకి కాల్చరు, కరెంటు బిల్లు మోయలేక కాలుస్తారు. గాలివానకి కరెంటు పోతే ఇంట్లో ముసలివాళ్ళని కాపాడేది ఆ హీటర్ ఒక్కటే. పైగా అది చట్టం అమ్మనిచ్చిన వస్తువు, చట్టప్రకారమే బిగించింది. ఇప్పుడొచ్చి తీసెయ్యమంటే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? వాహనాల పొగ, ఫ్యాక్టరీల పొగ అన్నీ వదిలేసి ఒక ఇంటి పొగగొట్టం మీద పడటం ఏం న్యాయం?

తూకం:

నిప్పుకణిక గారూ, ఖర్చు సంగతి నిజమే, దానికి తర్వాత వస్తాను. "ఒక ఇంటి పొగగొట్టం" అన్నచోటే నా అభ్యంతరం. దూరాన ఉన్న ఫ్యాక్టరీ పొగ మన దాకా వచ్చేలోపు బోలెడంత గాలిలో కలిసి పలచబడుతుంది. పక్కింటి పొగకి ఆ దూరం లేదు. అందులోనూ గాలి కదలని చలి రాత్రుల్లో. మబ్బులేని రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి బరువెక్కుతుంది. దానిమీద వెచ్చటి గాలి పొర మూత పెట్టినట్టు కూర్చుంటుంది. పొగ కొంత ఎత్తు లేచి, చల్లారి, ఆ మూత కిందే పరుచుకుంటుంది. హీటర్ ఎక్కువగా అవసరమయ్యే రాత్రులూ, పొగ చెదిరిపోని రాత్రులూ ఒకటే అవుతున్నాయి, అసలు చిక్కు అది. లోయల్లో ఇంకా ఎక్కువ.

కట్టె పొగలో ముఖ్యంగా భయపడాల్సింది పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లూ అంతకంటే సన్నగా ఉండే కణాలు. ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో వీటికి ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటు 10 మైక్రోగ్రాములు, రోజు సగటు 25 అని హద్దు చెప్పింది. అంతకంటే తక్కువ మోతాదులోనూ హాని ఉందని తేలడంతో 2021లో వాటిని 5కీ, 15కీ దించింది.

ఆస్ట్రేలియాలో టాస్మేనియాలోని లాన్సెస్టన్ చూడండి, లోయలో ఉన్న ఊరు. 2001 నుంచి అక్కడ కట్టెల హీటర్ మార్చుకునేవాళ్ళకి డబ్బు సాయం చేశారు, ఊరంతా ప్రచారం చేశారు. చలికాలపు గాలిలో పీఎం 10 ధూళి (10 మైక్రాన్లూ అంతకంటే సన్నటి కణాలు) రోజు సగటు ఘనపు మీటరుకి 44 మైక్రోగ్రాముల నుంచి 27కి దిగింది. 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరిశోధన ప్రకారం ఆ కాలంలో మగవాళ్ళ మరణాలు 11.4 శాతం తగ్గాయి.

నిప్పుకణిక:

ఆ పరిశోధన నేనూ చదివాను. ఆడా మగా కలిపి చూస్తే ఏడాది మరణాల్లో తగ్గుదల చిన్నది, గణాంకాల పరీక్షకి నిలవనిది అని అందులోనే ఉంది. మీకు పనికొచ్చే ముక్క ఏరి చూపించారు.

తూకం:

ఉంది, కాదనను. చలికాలం వరకే లెక్కేస్తే గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు సుమారు 20 శాతం, శ్వాసకోశ జబ్బులతో సుమారు 28 శాతం తగ్గాయని, అవి గణాంకాల పరీక్షకి నిలిచీ నిలవనట్టు అంచుమీద ఉన్నాయని కూడా అందులోనే ఉంది. చిన్న ఊరు కాబట్టి మరణాల అంకెలు గట్టిగా తేలడం కష్టం. ధూళి తగ్గడం మాత్రం పరికరాలతో కొలిచిన సంగతి. మీ ఖర్చు ప్రశ్నకి జవాబు కూడా అక్కడే దొరుకుతుంది. సాయం అందితే జనం మారారు.

మసిగోడ:

హీటర్లు బిగించడం, పొగగొట్టాలు శుభ్రం చేయడం నా వృత్తి. ఉత్తరగాలి గారు రాసిందాంట్లో నన్ను పట్టుకున్నది ఒక మాట: "పడుకునే వేళకి మొదలై". అంటే ఆయన రాత్రికి మొద్దులు నింపి, గాలి వచ్చే దారి మూసేసి పడుకుంటున్నారన్నమాట, తెల్లారేదాకా నిప్పు ఆరకూడదని. నేను వెళ్ళే ఇళ్ళల్లో గొడవలన్నీ ఎక్కువగా ఇక్కడే పుడతాయి.

గాలి అందని కట్టె మండదు, కుములుతుంది. కట్టె వేడెక్కేకొద్దీ దాంట్లోంచి ముందు నీటి ఆవిరి, తర్వాత మండే వాయువులు వస్తాయి. వేడీ గాలీ చాలినంత ఉంటే ఆ వాయువులు పొయ్యిలోనే మంటై కాలిపోతాయి. చాలకపోతే అవే పొగగా, తారుగా గొట్టం ఎక్కుతాయి. కొంత గొట్టం లోపలి గోడలకి క్రియోసోట్ అనే నల్లటి తారు పొరగా పేరుకుంటుంది, అది అంటుకుంటే ఇల్లే కాలిపోయే ప్రమాదం. మిగతాది మీ కిటికీ దగ్గరికి వస్తుంది. వేడిగా మారాల్సిన కట్టె అలా పొగగా పోతోందంటే నష్టం ఆయనకీ ఉంది. ఇళ్ళవాళ్ళకి నేను ముందు ఈ మాటే చెప్తాను, ఆరోగ్యం గురించి చెప్పినప్పటికంటే శ్రద్ధగా వింటారు.

ఇక "ఎండు కట్టెలే" అన్నారు కదా, చెమ్మ కొలిచారా అని అడగండి. పైపైన మీటర్ పెడితే ఏ కట్టె అయినా పొడిగానే చూపిస్తుంది. అప్పటికప్పుడు చీల్చి, లోపలి ముఖం మీద కొలవాలి. 20 శాతం దాటకూడదు. ఇంగ్లండ్‌లో 2021 మే నుంచి 2 ఘనపు మీటర్లలోపు అమ్మే కట్టెలకి ఇదే హద్దుని చట్టం చేశారు. పచ్చి కలప ఆ స్థితికి రావాలంటే చీల్చి, గాలి ఆడేలా పేర్చి, వానకి తడవకుండా కప్పి కనీసం ఆరు నెలలు, గట్టి కలపైతే ఏడాది పైనే ఆరబెట్టాలి. చాలామంది చలి మొదలయ్యాక కొని ఆ వారమే కాల్చేస్తారు.

వెలిగించే తీరు కూడా ముఖ్యం. లావు కట్టెలు కింద, సన్నవి వాటిమీద, చితుకులు అన్నిటికంటే పైన పేర్చి పైనుంచి అంటించాలి. కింది కట్టె వదిలే వాయువు మంటలోంచే పైకి పోవాలి కాబట్టి మొదటి పొగ బాగా తగ్గుతుంది. కొత్త కట్టె వేసిన ప్రతిసారీ గాలి పూర్తిగా తెరిచి, మంట బాగా అందుకున్నాకే తగ్గించాలి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, పురుగు పట్టకుండా మందు ఎక్కించిన కలప పొయ్యిలో పడకూడదు. పాత రకం మందు కలపలో ఆర్సెనిక్ ఉంటుంది, అది పొగలోకీ బూడిదలోకీ దిగుతుంది. ఇక రాత్రి మొద్దులు కూరడం మానేసి, ఉన్న నిప్పుని దానంతట అది ఆరనివ్వాలి. ఇవన్నీ పాటించే ఇంటి గొట్టం చూస్తే, మంట అందుకున్నాక పైన వేడికి గాలి అల్లాడటం తప్ప పొగ దాదాపు కనబడదు.

పై_అంతస్తు:

మసిగోడ గారు చెప్పిన పద్ధతంతా సరైనదే. కానీ పద్ధతి నేర్పితే తీరిపోతుందన్న ఆశ నాకు లేదు. పొగ పీల్చేవాళ్ళ ఆరోగ్యం పక్కింటాయన రోజూ రాత్రి, ప్రతి చలికాలం, అలసిపోయి ఇంటికొచ్చాక కూడా అంత శ్రద్ధగా ఉండటం మీద ఆధారపడుతుంది. సర్టిఫికెట్ మాటా అంతే. అమెరికాలో 2020 నుంచి కొత్త హీటర్లకి గంటకి 2 గ్రాముల ధూళి హద్దు ఉంది. చెమ్మ చూసి, కొలత చూసి పేర్చిన కట్టెలతో ల్యాబులో వచ్చే అంకె అది. ఆ పరీక్షల మీద కూడా అక్కడి పర్యావరణ సంస్థ సొంత తనిఖీ విభాగం 2023లో నివేదిక ఇచ్చింది. హీటర్లు కొనేవాళ్ళ చేతికి వచ్చేముందు సరిగ్గా పరీక్షించి ధ్రువీకరిస్తున్నారన్న భరోసా ఈ వ్యవస్థ ఇవ్వడం లేదని అందులో తేల్చారు. కాబట్టి "మాది సర్టిఫికెట్ ఉన్నదే" అంటే, అమ్మేనాటికి ఒక కాగితం ఉందని మాత్రమే. ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉన్నచోట కట్టెల హీటర్ పెట్టకూడదు. నా అభిప్రాయం ఇది, మెత్తబరచను.

రాతపూర్వకం:

పెట్టకూడదనే చట్టం వచ్చేదాకా ఏం చేయాలో చూద్దాం. ఉత్తరగాలి గారూ, ఈరోజు నుంచే రాసి పెట్టుకోండి: తేదీ, పొగ మొదలైన సమయం, ఆగిన సమయం, గాలి ఎటునుంచి ఉంది, ఏ గదిలో వాసన వచ్చింది, అమ్మాయికి ఆ రాత్రి మందు వాడాల్సి వచ్చిందా. గొట్టం నుంచి మీ కిటికీదాకా ఒకే చట్రంలో పడేలా సమయంతో ఫోటోలు తీయండి. "రోజూ పొగే" అన్న ఫిర్యాదుని అధికారి పక్కన పెట్టగలడు, తేదీలున్న పట్టికని పక్కన పెట్టడం కష్టం. చాలా దేశాల న్యాయస్థానాలు ఇలాంటి వివాదంలో ఎంత తరచుగా, ఎంతసేపు, ఎంత తీవ్రంగా అనేవే చూస్తాయి. డాక్టరు దగ్గర ఒక ఉత్తరం కూడా తీసుకోండి.

ఉదాహరణకి ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు నియమం ఇలా ఉంటుంది: గొట్టం నుంచి పొగ 10 నిమిషాలకి తక్కువ కాకుండా ఆగకుండా కనబడాలి, అందులో కనీసం 30 సెకన్లపాటు 10 మీటర్ల దూరం సాగాలి. అప్పుడు దాన్ని మితిమీరిన పొగగా లెక్కేసి నోటీసు ఇస్తారు. మీరుండే చోట నియమం ఏమిటో తెలుసుకుని, దానికి సరిపోయే ఆధారాలే పోగుచేయండి.

ఉత్తరగాలి:

రాతపూర్వకం గారూ, పట్టిక మొదలుపెడతాను. కానీ మీరు చెప్పిన నియమంలోనే నా బాధంతా ఉంది. అది కంటికి కనబడే పొగని కొలుస్తోంది. మాకు పొగ వచ్చేది చీకట్లో. కెమెరాలో పడదు. పొద్దున చూస్తే గొట్టం శుభ్రంగా కనిపిస్తుంది. గాలిలో ధూళి కొలిచే సెన్సర్ కొనమంటారా?

తూకం:

కొనండి, కానీ దాని అంకెని యథాతథంగా నమ్మకండి. కాంతితో కొలిచే చవక సెన్సర్లు కట్టె పొగని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. అమెరికా పర్యావరణ సంస్థ పొగ ఎక్కడ ఎంతుందో చూపే తన పటంలో వాటి అంకెల్ని సవరించాకే వాడుతుంది. అసలు అంకె ఎంతో పక్కనపెట్టి, ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది అన్న గీత చూడండి. ఆయన కట్టె నింపే వేళకి మీ గదిలో గీత లేచిందంటే చీకట్లో ఫోటో అక్కర్లేదు.

గదిగాలి:

ఈలోపు పాపని చూడండి. ఆమె పడుకునే గది ఒక్కటి ఎంచుకుని, కిటికీ సందులు మూసి, గది వైశాల్యానికి సరిపోయే హెపా ఫిల్టర్ యంత్రం పెట్టండి. హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం పట్టేస్తుంది. వాసన పూర్తిగా పోదు, దానికి బొగ్గు పొర కూడా ఉండాలి. యంత్రం కొనలేకపోతే మెర్వ్ 13 (సన్నటి ధూళిని పట్టే స్థాయి) ఫిల్టర్లు నాలుగింటిని పెట్టెలా కట్టి పైన చదరపు ఫ్యాన్ బిగించుకోవచ్చు, 2020 నుంచి చాలామంది చేసుకుంటున్న పద్ధతి. మీ ఇంట్లోనూ గ్యాస్‌తోనో కట్టెతోనో మండేది ఏదైనా ఉంటే అన్ని సందులూ మూయకండి, కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం.

ఉత్తరగాలి:

పెడతాను, పిల్ల కోసం ఈ రాత్రే పెడతాను. కానీ ఇది పరిష్కారం అని మాత్రం ఎవరూ అనకండి. ఆయన పొగకి నేను ఫిల్టర్ కొని, కరెంటు ఖర్చు పెట్టి, కిటికీ తెరిచే హక్కు వదులుకుని బతకాలా? ఆయన బిల్లు మోయలేరని ఇందాక ఎవరో అన్నారు. ఆ బిల్లు ఇప్పుడు నా ఇంటికి మారింది, అంతే కదా.

నిప్పుకణిక:

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. రాత్రి మొద్దులు కూరడం ఎవరు చేసినా మానాల్సిందే, పిల్లలున్న ఇల్లు పక్కనుంటే మరీను. పై_అంతస్తు గారి నిషేధంతో మాత్రం ఏకీభవించను. కరెంటు లేని రాత్రి ఏం చేయమంటారు?

తూకం:

మాంట్రియల్ నగరం ఆ ప్రశ్నకి సమాధానం రాసిపెట్టింది. 2018 అక్టోబరు 1 నుంచి అక్కడ గంటకి 2.5 గ్రాములకి మించి ధూళి వదిలే కట్టెల పొయ్యిలు వాడకూడదు. గాలి బాగోలేదని హెచ్చరిక ఉన్న రోజుల్లో మంచి పొయ్యిలు కూడా వెలిగించకూడదు. కానీ కరెంటు 3 గంటలకి మించి పోతే అందరికీ మినహాయింపు. అత్యవసరానికి దారి ఉంచి, రోజువారీ వాడకానికి హద్దు పెట్టారు. మీ హీటర్ గోడలో ఉండనివ్వండి, కరెంటు పోయిన రాత్రి వెలిగించండి. అందుకు అభ్యంతరం ఉందా?

నిప్పుకణిక:

బిల్లు సంగతి తేలితే లేదు. తేలకపోతే ఉంది. ప్రభుత్వం సాయం ఇవ్వకుండా హద్దు మాత్రమే పెడితే చలికి ముడుచుకునేది బీదవాళ్ళే.

పై_అంతస్తు:

పొగకి దగ్గేవాళ్ళలోనూ బీదవాళ్ళున్నారు, వాళ్ళు ఫిల్టర్ కూడా కొనలేరు. సాయం అడుగుదాం, నేనూ మీతో కలిసి అడుగుతాను. అది వచ్చేదాకా ఊరుకోమంటే మాత్రం కుదరదు.

మసిగోడ:

ఉత్తరగాలి గారూ, ఆయనతో మళ్ళీ మాట్లాడేటప్పుడు రాత్రి మొద్దుల సంగతి, చెమ్మ సంగతి మాత్రమే ఎత్తండి. హీటర్ తీసెయ్యమన్న మాట అప్పుడే వద్దు, వింటే తలుపు మూసుకుంటారు. గొట్టం చివరిసారి ఎప్పుడు శుభ్రం చేయించారో అడగండి, ఏడాదికి ఒకసారైనా చేయించాలి. మీ వైపు నుంచి గొట్టం ఎత్తు కూడా చూడండి. ఇంటి కప్పు కొసకంటే కిందే ఆగిపోతే, కప్పు మీంచి దొర్లే గాలి పొగని కిందికి తోస్తుంది, ఎంత బాగా మండించినా మీ వైపే దిగుతుంది. గొట్టం పెంచడం హీటర్ మార్చడమంత ఖర్చు కాదు. కావాలంటే కట్టెల చెమ్మ కొలిచే మీటర్ మీరే కొని ఆయన చేతికివ్వండి.