ఐదో తరగతి లోపు పిల్లలకు స్లిప్ టెస్టు అవసరమా?

చాక్‌పీసు మేడం (ప్రైమరీ టీచర్, వరంగల్ వైపు)

మొన్న రాత్రి ఎఫ్ఏ-1 (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే ఏడాది మధ్యలో పిల్లల చదువు చూసే మదింపు) పేపర్లు దిద్దుతున్నా. మూడో తరగతి పిల్ల ఒకతి 27, 38 కూడమంటే 515 అని రాసింది. ఎర్రపెన్నుతో గీత కొట్టి సున్నా వేశా. ఎందుకో మనసొప్పక పొద్దున పిలిచి "ఎట్ల చేసినవే?" అనడిగా. "ఏడు, ఎనిమిది పదిహేను. రెండు, మూడు ఐదు. పక్కపక్కన రాసిన మేడం" అంది. అంటే కూడిక వచ్చు, రానిది స్థానవిలువ. నేను వేసిన సున్నాలో ఆ సంగతి ఎక్కడుంది?

మన తెలంగాణలో ఎఫ్ఏ అంటే 50 మార్కులు. పిల్లల భాగస్వామ్యానికి 10, రాత పనులకు 10, ప్రాజెక్టుకు 10, స్లిప్ టెస్టుకు, అంటే చిన్న రాతపరీక్షకు 20. ఆ 20 ప్రైమరీలో తీసేసి నోటితో అడగడం, నోటుపుస్తకాలు చూడడం, గమనించడం చాలంటాను. మీరేమంటారు?

లంచ్‌బాక్సు నాన్న (గుంటూరు)

మేడం, మీరు పిలిచి అడిగారు సరే. అందరూ అడుగుతారా? మావాడి ప్రాజెక్టు ఆకుల సేకరణ. రాత్రి పదకొండింటికి ఫెవికాల్ చేతులతో కూర్చుని అంటించింది నేను. పదికి తొమ్మిది వచ్చాయి. ఆ తొమ్మిదీ ఎవరివి? నాలుగో తరగతి దాకా కార్డు నిండా "ఏ" గ్రేడులే. ఐదులో బడి మార్చాం. పేపరు హెడ్‌లైను చదవమంటే ఒత్తు దగ్గరల్లా ఆగిపోయాడు. ఉన్నవాటిలో పిల్లాడు తన చేత్తో తను రాసేది స్లిప్ టెస్టు ఒక్కటే. దాన్నీ తీసేస్తే మాకు తెలిసేదెట్లా?

రెండు గదుల బడి (నల్లగొండ)

మా బడిల ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు, 42 మంది పిల్లలు. ఒకటి, రెండుల 18 మంది, మూడు సబ్జెక్టులు. మూడు నుంచి ఐదు దాక 24 మంది, పరిసరాల విజ్ఞానంతోని నాలుగు. ఒక్కో సబ్జెక్టుకు నాలుగు గళ్లు నింపాలె. లెక్క జేయుండ్రి: 216, 384, కలిపి 600 గళ్లు. ఏడాదికి నాలుగు ఎఫ్ఏలు, 2400. గమనించి మార్కు వెయ్యుమంటే గమనించేది ఎప్పుడు సార్? చివరి రోజు రాత్రి పిల్లల మొఖాలు గుర్తు జేసుకుంట ఎనిమిది, ఏడు, ఎనిమిది అని ఏస్తం. దాచేదేముంది.

పాతబెల్లు (రిటైర్డు హెడ్మాస్టరు, కాకినాడ)

మా రోజుల్లో ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉండేది. ఆ భయానికి మేమూ చెప్పేవాళ్లం, పిల్లలూ చదివేవారు. విద్యాహక్కు చట్టం వచ్చి ఎలిమెంటరీ, అంటే ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బోర్డు పరీక్ష వద్దంది, ఎవర్నీ ఆపొద్దంది. మళ్లీ 2019లో సవరించారు కదా. ఐదులో, ఎనిమిదిలో పరీక్ష, తప్పితే రెండు నెలల్లోపు ఇంకో అవకాశం, అప్పటికీ రాకపోతే ఆపుకోవచ్చని. 2024 డిసెంబరులో కేంద్రం తన బడుల్లో అమలు కూడా మొదలుపెట్టింది. పరీక్ష తీసేసినవాళ్లే ఎందుకు వెనక్కి తెచ్చారో ఆలోచించండి.

లంచ్‌బాక్సు నాన్న

మాస్టారూ, ఏడో తరగతి పరీక్ష తప్పి బడి మానేసినవాడు మా చిన్నాన్న. ఆయన్నడిగితే ఇంకోలా చెబుతాడు.

పాతబెల్లు

అది కాదనను బాబూ.

గుండ్రాల టీచర్ (ఏపీ)

స్లిప్ టెస్టు గురించే బెంగపడుతున్నారు, మేం జవాబుకు గుండ్రం దిద్దే ఓఎంఆర్ షీటు కూడా చూశాం. 2022లో ఒకటి నుంచి ఎనిమిది దాకా సీబీఏ (క్లాస్‌రూమ్ బేస్డ్ అసెస్‌మెంట్) అని పరీక్ష పెట్టారు. మూడో తరగతివాడు జవాబు నోటితో సరిగ్గా చెప్పి, షీటులో కింది ప్రశ్న గుండ్రం దిద్దాడు. అక్కణ్నుంచి వాడి జవాబులన్నీ ఒక మెట్టు దిగిపోయాయి. నేను పక్కనే నిలబడి చూస్తున్నా, చెప్పకూడదాయె!

కానీ చాక్‌పీసు మేడం, నోటుపుస్తకాన్ని నమ్మడం ఇంకా ప్రమాదం. అందులో ఉండేది బోర్డు మీది నా రాతే. మా బడిలో ఒకడు పాఠం గడగడా చదివేవాడు. ఓసారి చూద్దును కదా, వేలు మూడో లైను మీద, నోరు ఐదో లైనులో. కంఠతా పట్టేశాడు. ఇంకో పాఠం తెరిస్తే "అమ్మ" దాటి కదల్లేదు. అప్పట్నుంచి, ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే అసర్ సర్వేవాళ్ల పద్ధతి పట్టుకున్నా. ఒక్కొక్కర్నీ పక్కన కూచోబెట్టి ఒకటో తరగతి స్థాయి పేరా ఇస్తా. చదివితే రెండో తరగతి స్థాయి కథ, చదవలేకపోతే పదాలు, అదీ రాకపోతే అక్షరాలు. ఎక్కడ ఆగారో అక్కణ్నుంచి మొదలు. మార్కు లేదు.

రెండు గదుల బడి

మీరు ఒక్కణ్ని కూసోబెట్టుకున్నప్పుడు తతిమ్మా నలభై మందిని ఎవరు పట్టాలె మేడం? చిన్న పిల్లలకు చదువుడు, రాసుడు, లెక్కలు నేర్పనీకి మా తెలంగాణ సర్కారు పెట్టిన తొలిమెట్టుల గూడ ఇట్లనే ఒక్కొక్కర్ని చూడుమన్నరు. పని మంచిదే, కాదంటలేను. నేనైతే ఐదో తరగతి పిల్లలను ఒకటో తరగతికి కాపలా పెట్టి చేసిన. అగో, అది గూడ "భాగస్వామ్యం" కిందనే ఏసుకున్న.

చాక్‌పీసు మేడం

లంచ్‌బాక్సు నాన్నగారి ఆకుల సంగతి చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నా. స్లిప్ టెస్టు ఉండనివ్వండి, దాని పక్కన 20 అన్న అంకె తీసేయండి. తప్పు రాసిన పేపరే నాకు పనికొచ్చింది, మార్కు కాదు. ఆ 600 గళ్ల బదులు పిల్లకో వాక్యం, "పదులు కట్టడం రాదు", "ఒత్తులు తడుముకుంటాడు" అని రాయమంటే రాత్రికి రాత్రి మొఖాలు గుర్తుచేసుకునే బాధ తప్పుతుందేమో. పాతబెల్లు మాస్టారికి నచ్చదని తెలుసు.

ఇంతకీ ఆ 515 పిల్లకు అగ్గిపుల్లలిచ్చి, పదేసి పుల్లలకు రబ్బరుబ్యాండు వేయించా. పదిహేను విడి పుల్లలు మిగిలాయి. అడక్కుండానే అందులోంచి పది తీసి కట్ట కట్టింది. ఆరు కట్టలు, ఐదు పుల్లలు. "అరవై అయిదా మేడం?" అని నా మొఖంలోకి చూసింది. ఆన్‌లైన్లో మాత్రం పాత మార్కే ఉంది, ఎంట్రీ గడువు నిన్నటితో అయిపోయింది.

గుండ్రాల టీచర్

ఎడిట్ ఆప్షన్ ఒక్కోసారి మళ్లీ తెరుస్తారు మేడం, రేపు ఓసారి లాగిన్ అయి చూడండి.